తాత గ్లాసుకు బొట్టు

కాశీబుగ్గ,
జ్యేష్ఠం వెళ్ళిపోయింది, వాన జాడ లేదు.

నా తోడబుట్టిన నాగమణికి, మీ అప్ప అప్పలనరసమ్మ రాసుకునేది. ఇక్కడ అందరం బాగున్నామని మొదట రాయాలి గనుక రాశాను. బాగోలేము.

ఫోను ఉండగా కాగితం ఎందుకంటావు. ఈ ఇల్లు రెండు గదులు. అవతల ఆయన దగ్గితే ఇవతల నా చెంబులో నీళ్ళు కదులుతాయి. నేను గుసగుసలాడినా ఆయనకు వినబడుతుంది. అందుకని ఐదో తరగతి దాకా చదివిన చదువును ఇన్నాళ్ళకు బయటికి తీశాను. ఎండుచేపల బుట్టలు వేసుకుని పలాస మీదుగా టెక్కలి వచ్చే సన్యాసయ్య చేతికిస్తాను. అతనికి అక్షరం ముక్క రాదు, భయం లేదు.

ఆయనంటే మన భాగ్యశ్రీ మామగారు కూర్మారావు, నా వియ్యంకుడు. పెళ్ళిలో నువ్వు చూసిన మనిషి కాదు ఇప్పుడు. అప్పుడు బోటు తాడు ఒక్కడే లాగేవాడు. ఇప్పుడు కిడ్నీ జబ్బుతో ఒళ్ళంతా నల్లగా అడుగంటిన గిన్నెలా అయిపోయింది. రాత్రీ పగలూ గోక్కుంటారు, పొట్టు రాలుతుంది. నోరు తెరిస్తే పాత పాయిఖానా వాసన. ఎడమచేతికి ఆపరేషను చేసి నరాలు కలిపారట. అవి పొంగి మోచేతి దగ్గర పాములు చుట్టుకు పడుకున్నట్టు ఉంటాయి, చెవి పెడితే లోపల రక్తం బుర్రుమంటుందట. అల్లుడు ఆటోలో ఎక్కించుకుని డయాలసిస్‌కు తీసుకెళ్తాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆ చేతికి దూది, ప్లాస్టర్లు. ఆ దూది ఓసారి అన్నం గిన్నె పక్కన కనబడింది నాగమణీ! ఆ పూట నేను ముద్ద ముట్టలేదు.

నా భయమంతా మనవరాలి గురించి. భాగ్యశ్రీ జీడిపిక్కల ఫ్యాక్టరీకి వెళ్తుంది, అల్లుడు రాజేంద్ర ఆటో మీద ఉంటాడు, పిల్లను చూసుకోమని నన్ను పిలిపించారు. దానికి నాలుగేళ్ళు నిండాయి. చనిపోయిన భార్య పేరే పెట్టాలని ఆయన పట్టుబట్టి మోహిని అని పెట్టించారు. అది ఎప్పుడు చూసినా ఆయన ఒళ్ళోనే. ఆ పాముల చేతి మీద చెవి పెట్టి పడుకుంటుంది. "అమ్మమ్మా, తాత సేతిలో బోటు ఇంజిను ఉందే. బుర్రుమంతంది. నువ్వూ ఇను" అంటుంది. "తాతా, బోటెక్కడికెల్తందీ?" అని అడుగుతుంది. "ఒడ్డుకే ఒత్తందే తల్లీ" అని ఆయన. నేను అటు తిరిగి కూర్చుంటాను.

అది అంటుకునే జబ్బు కాదని భాగ్యశ్రీ వాదిస్తుంది.

"ఆసుపత్రి నర్సమ్మ ఎన్నిసార్లు సెప్పాలే అమ్మా నీకు?"

"అంటుకోకపోతే ఆయన అన్నకీ, పెళ్ళానికీ, ఆయనకీ ఎలగొచ్చిందే? ముగ్గురూ ఒక్క కుండలో నీల్లు తాగినోల్లు కాదేటి?"

ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో పుట్టిన వాళ్ళం, ఒకే ఇంట్లో వరసగా ఎన్ని ప్రాణాలు పోవడం చూశాం! నర్సు ఏ ఊరిదో, దానికేం తెలుసు?

అందుకని నేనే ఒక ఏర్పాటు చేశాను. ఆయన గ్లాసు, కంచం వేరు పెట్టాను. కలిసిపోకుండా రెండిటికీ భాగ్యశ్రీ గోళ్ళరంగుతో ఎర్ర చుక్క పెట్టాను. జీడిరసం తగిలి వేళ్ళు నల్లబడ్డాక అదెలాగూ రంగు వేసుకోవడం మానేసింది. ఆ రెండూ విడిగా గూట్లో పెట్టి, "ఇది ముట్టకు. ముడితే కళ్ళు పోతాయి" అని పిల్లకు గట్టిగా చెప్పాను. వాళ్ళు ఊరి నుంచి తెచ్చుకున్న గంగమ్మ ఘటం మూల పీట మీద ఉంది, దాని ఇత్తడి గ్లాసు జోలికి పోకుండా కూడా వచ్చిన రోజునే ఇలాగే భయపెట్టాను. పిల్లలు భయం ఉంటేనే మాట వింటారు.

నన్ను మాత్రం దగ్గరికి రానివ్వదు. మనం చుట్టతో అడ్డపొగ తాగుతామా, నిప్పు వైపు నోట్లో పెట్టుకోవడం చూసింది. "అమ్మమ్మ నిప్పు తింటాది, కంపు" అని పరుగెత్తింది. కంపు నాదట! ఏం చేయాలో రాయి. ఈ కాగితం చదివి పొయ్యిలో పెట్టు.

అక్క అప్పలనరసమ్మ

*

టెక్కలి, చేపల బజారు నుంచి.

అప్పా,

నీ కాగితం నెత్తళ్ళ చేపల బుట్టలో వచ్చింది. సగం అక్షరాలు ఉప్పు నీళ్ళకు చెరిగాయి. మిగిలిన సగం చాలు, నీ గోల తెలిసింది.

నిప్పు తినే అమ్మమ్మ అన్న మాటకు నేనూ, పక్క బుట్ట పెట్టుకునే ముసలమ్మా ఇంత నవ్వు నవ్వాం. దాని కళ్ళతో చూడు మరి. చుట్ట నోట్లోకి వెళ్తుంది, పొగ ముక్కులోంచి వస్తుంది. దెయ్యం కాకపోతే ఏమిటి? తాత చేతిలో ఇంజిను ఉంది, మంచివాడు. అమ్మమ్మ నోట్లో నిప్పుంది, చెడ్డది. దాని లెక్క సరిపోయింది.

జబ్బు సంగతి నాకూ తెలియదు. అంటుకుంటుందో లేదో నువ్వూ నేనూ తేల్చేది కాదు, నర్సును నువ్వే వెళ్ళి ఎదురుగా అడుగు. గ్లాసు వేరు పెట్టావు సరే, ఆయనకు తెలిసేలా పెట్టావా? మగవాడు, బోటు నడిపినవాడు. తన కంచం తను గుర్తు పట్టడా?

నువ్వు రాత్రిపూట నిద్ర మానేసి బెంగ పెట్టుకోకు. కార్తీకంలో రావివలస మల్లన్న దగ్గరికి వెళ్తాను, పిల్ల పేరు మీద దణ్ణం పెట్టి వస్తాను. నీ పేరు మీద కూడా, చుట్ట మానాలని.

నాగమణి

*

కాశీబుగ్గ,
శ్రావణం, ముసురు పట్టింది.

చెల్లెలు నాగమణికి,

నవ్వులాటకు నీకు నేనే దొరికాను.

మొదట మంచి మాట. ఆయన మంచం వెనక రేకుల పంచలోకి మారింది. గాలి కావాలన్నారు. వానజల్లు కొడుతుంది గానీ పరదా కట్టాం. ఇంట్లో ఆ వాసన తగ్గింది.

ఇప్పుడు చెడ్డ మాట. పిల్లకు ఏదో సోకింది. నవ్వకు, చదువు.

పొద్దున్న లేవగానే గూట్లో ఆయన గ్లాసు పక్కన గన్నేరు పువ్వు కనబడింది. ఎవరో పెట్టి మరిచిపోయారనుకున్నాను. మర్నాడూ ఉంది. తరువాత చూస్తే మోహినే తెస్తోంది. అన్నానికి కూర్చుంటే మొదటి ముద్ద తీసి పంచ గుమ్మంలో పెట్టి వస్తుంది. ఆయన మంచం వైపు కాళ్ళు పెట్టి పడుకోదు, ఆయన తువ్వాలు దాటదు. అల్లుడు ఆటో కడిగి దండ వేస్తుంటే దగ్గరికి వెళ్ళి, "నాన్నా, తాత ఊరేగింపు ఇయాలేనా?" అని అడిగింది. ఆయన ఆ దూదితో తిరిగి వస్తే "అలంకారం సేసారు" అని చప్పట్లు కొట్టింది. ఒళ్ళోకి మాత్రం వెళ్ళడం మానేసింది. దూరంగా నిలబడి చేతులు కట్టుకుని చూస్తుంది. ఆయన "రాయే, ఇంజిను ఇనవా?" అని పిలుస్తారు. వెళ్ళదు. తల అడ్డంగా ఊపుతుంది. అది ఒక్కటే నాకు నచ్చిన సంగతి.

నిన్న జరిగింది చెబుతాను. ఆయన తాగి పెట్టిన గ్లాసులో అడుగున నీళ్ళు మిగిలాయి. ఈ గుంట అటూ ఇటూ చూసి అందులో వేలు ముంచి కళ్ళకద్దుకుని నాకేసింది! ఆయన ఎంగిలి! నాకు ఒళ్ళు తెలియలేదు. జుట్టు పట్టి లాక్కొచ్చి ఉప్పు పెట్టి నాలుక తోమాను. అది కక్కుకుంది. నేను కడిగాను. ఈ ఇంట్లో నా బతుకంతా కడగడమే అయిపోయింది.

"ఎందుకు నాకావే? సెప్పు!"

"దానికి బొట్టుంది కదా."

"బొట్టేటి?"

"బొట్టు. అమ్మోరుకున్నట్టు."

అంతకంటే చెప్పదు. ఏం బొట్టో, ఏం మాటో. పిల్లల మాటకు తలా తోకా ఉండదు కదా. ఒక ముసలాయన దగ్గర రక్షతాడు కట్టించాను. పిల్లను మన ఊరు తీసుకుపోతానంటే భాగ్యశ్రీ ఒప్పుకోవడం లేదు. నువ్వొకసారి దానికి చెప్పు.

మీ అప్ప

*

టెక్కలి.

అప్పా,

ఈసారి నవ్వడానికి ఏమీ లేదు.

భాగ్యశ్రీ నాకు ఫోను చేసి ఏడ్చింది. గాలి కావాలన్నారా ఆయన? నువ్వే మంచం ఎత్తించావట. ఆయన అన్నం తింటుంటే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డావట. ఆయన తలగడ చంకలో పెట్టుకుని తనే పంచలోకి నడిచాడట. వానజల్లులో. అది రాయలేదేం నాకు?

ఇంక పిల్ల సంగతి. దానికి ఏమీ సోకలేదు. నువ్వే సోకావు. గంగమ్మ గ్లాసు విడిగా ఉంటుంది, దానికి ఎర్ర బొట్టు ఉంటుంది, ముడితే కళ్ళు పోతాయి. తాత గ్లాసు విడిగా ఉంది, దానికి ఎర్ర బొట్టు పెట్టావు, ముడితే కళ్ళు పోతాయన్నావు. అదే నోటితో, అదే గొంతుతో. నాలుగేళ్ళ గుంట ఇంకేమనుకుంటుంది? తాతకు అమ్మవారు వచ్చిందనుకుంది. పువ్వు పెట్టింది, ముద్ద పెట్టింది, తీర్థం తీసుకుంది. నీ మొహంలో ఉన్న అసహ్యం దానికి భక్తిలా కనబడింది. మనిషిని దగ్గరికి రానివ్వకపోవడం అది దేవుడి దగ్గరే చూసింది గానీ ఇంకెక్కడా చూడలేదు. ఒళ్ళోకి ఎందుకు వెళ్ళడం లేదో ఇప్పుడు తెలిసిందా? ఆ ముసలాయనకు మిగిలింది ఆ పిల్ల చెవి ఒక్కటే. అదీ లాగేశావు.

నీకు పలాస బస్సు జ్ఞాపకం ఉందా? మనిద్దరం బుట్టలతో ఎక్కితే పట్టుచీర ఆవిడ ముక్కు మూసుకుని "అబ్బ, ఈళ్ళని ఎక్కించుకున్నారేటి" అంది. నువ్వు చటుక్కున బుట్ట ఆవిడ ఒళ్ళో పెట్టి, "పట్టుకో తల్లీ, టికెట్ తీసుకుంటాను" అన్నావు. బస్సంతా నవ్వింది. ఇంటికి వచ్చాక మాత్రం ఏడ్చావు. మన ఒంటి వాసన కాదు, పని వాసన అని నాతో చెప్పావు. ఆయన వాసన కూడా ఆయనది కాదు అప్పా, జబ్బుది.

ఇంతే. కోపం వస్తే రానీ.

నాగమణి

*

కాశీబుగ్గ,
వినాయక చవితి వెళ్ళాక.

నాగమణికి,

కోపం వచ్చింది. నీ కాగితం చింపుదామనుకున్నాను. చింపలేదు, రొంటిన దోపుకుని తిరుగుతున్నాను. కొంగు అడ్డం పెట్టుకున్న మాట నిజమే. మంచం ఎత్తించిన మాట నిజమే. నువ్వు అంత దూరాన కూర్చుని మంచి మాటలు రాస్తావు, ఆ పంచలో తట్ట ఎత్తేది నేను. వాసన పని వాసనైనా జబ్బు వాసనైనా నా ముక్కుకు ఒక్కటే. ఇది నీకు తెలియాలి.

ఇంక జరిగింది విను.

ఆయన డయాలసిస్‌కు వెళ్ళడం మానేశారు. నీరసంగా ఉందన్నారు, వానన్నారు, ఆటో కుదుపన్నారు. మొహం, కాళ్ళు ఉబ్బిపోయాయి. పడుకుంటే ఊపిరి ఆడదు, కూర్చునే ఆయాసపడుతున్నారు. వెళ్ళకపోతే మనిషి దక్కడని అందరికీ తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు. ఈ పొద్దున్న గుడ్డసంచిలో రెండు లుంగీలు పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"రాజేంద్రా, నన్ను కవిటి బస్సెక్కించెయ్. మనూరెల్లిపోతాను."

"ఊరెల్లి ఏటి సేత్తావు నాన్నా? మిసను మానేత్తే ఎలాగ?"

"ఆ మిసను మీద నన్ను నిలబెట్టి ఎవలికి సుకం? సముద్రం సూసుకుంటూ పడుంటాను. ఎన్నాల్లుంటే అన్నాల్లు. ఈ గుంట కూడా నా దగ్గిరికి రావడం నేదు. పసిపిల్లకే రోత పుట్టేక ఇంకేటుంది?"

భాగ్యశ్రీ కాళ్ళు పట్టుకుంది. అల్లుడు గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. నేను వంటింటి గడపలో ఉన్నాను. చెబితే నమ్మవు, కొంగు ఇంకా నా ముక్కు మీదే ఉంది. అలవాటు.

అప్పుడు మోహిని ఎక్కడి నుంచి వచ్చిందో, ఆయన సంచి పట్టుకుని గోల మొదలెట్టింది.

"అమ్మోరు ఎల్లిపోకూడదు! ఎల్లిపోతే ఊరు మునిగిపోద్ది! అందరికీ కల్లు పోతాయి!"

"అమ్మోరేటే?" అన్నారాయన.

"నువ్వే! నీ గలాసుకి బొట్టుంది. నిన్ను ముట్టకూడదు. అందుకే నాను రావట్నేదు."

"ఎవలు సెప్పారే నీకు?"

"అమ్మమ్మ."

అందరూ నా వైపు చూశారు. నాకు ఆ గడపలోనే భూమిలోకి పోవాలనిపించింది. ఆయన నన్ను చూసి, పిల్లను చూసి, ఆ ఆయాసంలోనే నవ్వడం మొదలెట్టారు. నవ్వు దగ్గయింది, దగ్గు ఏడుపయింది. ఏది ఎక్కడ మారిందో చెప్పలేను. "రోత కాదా? నానింకా రోతనుకున్నానే" అంటారు, మళ్ళీ నవ్వుతారు.

పిల్ల ఊరుకోలేదు. గూట్లోంచి ఆ గ్లాసు తెచ్చింది. కళ్ళు పోతాయన్న భయంతో రెండు చేతులూ గౌనులో చుట్టుకుని పట్టుకుంది. అడుగున నీళ్ళున్నాయి. నాకెదురుగా నిలబడింది.

"అమ్మమ్మా, తీర్తం తాగు. నువ్వు తాగితే అమ్మోరు ఎల్లదు. పండక్కి అలాగే తాగుతారు కదా."

"వద్దు సెల్లెమ్మా," అన్నారాయన. "పసిది తెలీక అంతంది. మీరు తాగలేరు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు నాగమణీ. నిజంగానే నన్ను చూసి జాలిపడ్డారు. అదే నన్ను కాల్చేసింది. పట్టుచీర ఆవిడ ఒళ్ళో బుట్ట పెట్టినప్పుడు ఆవిడ మొహం ఎలా అయిందో, నా మొహం అప్పుడు అలాగే ఉండి ఉంటుంది.

గ్లాసు తీసుకున్నాను. అంచు మీద ఆయన పెదవి మరక ఉంది. లోపల ఏదో పొట్టు తేలుతోంది. కళ్ళు మూసుకుని తాగేశాను. మందు తాగినట్టు ఒక్క గుక్కలో కాదు, మూడు గుటకలు పట్టింది.

పిల్ల నా మొహంలోకి చూస్తోంది. నా కళ్ళు ఉన్నాయా పోయాయా అని.

ఆయన అన్నారు, "సెల్లెమ్మా, అవి డాక్టరు లెక్కన నాకు కొలిసి పోసిన నీల్లు. మీరు తాగేసారు. మరి నాకేటి?"

ఈ ఇంటికి వచ్చాక ఆయనతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు నేను. అప్పుడు అన్నాను, "ఆసుపత్రికెల్లి రండి అన్నయ్యా. ఒచ్చేక నానే కొలిసి పోత్తాను."

ఆయన సంచి కింద పెట్టారు. అల్లుడు పరుగున వెళ్ళి ఆటో తీశాడు. మోహిని వెనక సీటులో ఆయన పక్కన కూర్చుని, "ఊరేగింపు, ఊరేగింపు" అని వీధంతా వినబడేలా అరుచుకుంటూ వెళ్ళింది. ముట్టుకోవచ్చని నేనే చెప్పాను. ఆటో తిరిగేటప్పుడు చూశాను, దాని చెవి ఆయన చేతి మీద ఉంది.

నేను వెనక దొడ్లోకి వెళ్ళి నోట్లో వేలు పెట్టుకున్నాను. వాంతి రాలేదు. ఆ నీళ్ళే కడుపులో ఉన్నాయి, ఇది రాసేటప్పుడు కూడా.

అప్పలనరసమ్మ

*

టెక్కలి.

అప్పా,

చదివాను. ఏం రాయాలో తోచలేదు. సన్యాసయ్య చేత కానాగంత చేపలు పంపుతున్నాను, ఉప్పు పట్టించనివి. ఆయనకు ఉప్పు పడదు కదా. నీకూ కావాలంటే అందులోనే తిను.

నాగమణి

*

కాశీబుగ్గ,
ఆశ్వయుజం, దేవీ నవరాత్రులు.

చెల్లెమ్మకు,

చేపలు అందాయి. పులుసు పెట్టాను. ఆయన రెండు ముక్కలు తిన్నారు. మంచం లోపలికి తెచ్చేశాం. వానలు పోయాయి గానీ తుపాను రోజులు వస్తున్నాయి, దాని బెంగ నాకు మొదలైంది. రేకులు ఎగిరిపోతాయేమో, రోడ్డు మూసుకుపోతే మిషనుకు ఎలా వెళ్తారో. నర్సును నేనే వెళ్ళి అడిగాను. అంటదని చెప్పింది. నమ్మానని రాయను. సగం నమ్మాను.

వాసన అలాగే ఉంది. చేతి మీద పాములు ఇంకా పెద్దవయ్యాయి. నాకు ఇప్పటికీ చూడబుద్ధి కాదు. మోహిని రోజూ పిలుస్తుంది, "అమ్మమ్మా, రా, ఇంజిను ఇను" అని. నేను వెళ్ళను. ఆయనా పిలవరు, నేనూ అడగను. నువ్వేమన్నా సరే.

నిన్న జరిగింది ఒకటి. నేను కునుకు తీస్తుంటే ఈ గుంట గోళ్ళరంగు సీసా సంపాదించి, గూట్లో ఆయన గ్లాసూ కలిపేసి, ఇంట్లో ఉన్న గ్లాసులన్నిటికీ చుక్కలు పెట్టేసింది. వాళ్ళమ్మది, నాన్నది, నాది, చుట్టాలకు పెట్టేవి. నా చుట్టల పెట్టెకు కూడా పెట్టింది, నిప్పు బయటికి రాకుండా ఉంటుందట. చిన్న చిన్న చుక్కలు, వేలితో పెట్టినవి, ఎంత గీకినా పోలేదు.

పొద్దున్న టీ పోసేటప్పుడు అన్నీ తిరగేసి చూశాను. అన్నిటికీ బొట్టే. ఆయనది ఏదో, మనది ఏదో తెలియలేదు. మోహిని గట్టు పక్కన నిలబడి నన్నే చూస్తోంది.

"అన్నిటికీ బొట్టుంది కదా అమ్మమ్మా. మరి ఇప్పుడు టీ దేన్లో తాగుతావు?"

చేతికి అందిన దాంట్లో పోసుకున్నాను. సగం తాగాక తల ఎత్తి చూస్తే, గూటి దగ్గర ఆయన తన గ్లాసు కోసం తడుముకుంటున్నారు.

అప్పలనరసమ్మ